చెక్క స్టాండ్ల మీద మొక్కలు: నల్లగొండ, పాలమూరు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇల్లు నల్లగొండలో, అమ్మగారిల్లు పాలమూరులో. రెండు చోట్లా కలిపి ఇప్పుడు పద్నాలుగు చెక్క స్టాండ్లున్నాయి. మొట్టమొదటిది ఆన్‌లైన్‌లో కొన్నాను. ఫొటోలో టేకులా మెరిసింది. ఒక్క వానాకాలం గడిచేసరికి పై పలక నానిన అటుకుల్లా ఉబ్బి, పొరలు పొరలుగా ఊడొచ్చింది. రంపపు పొట్టును జిగురుతో అదిమి, పైన చెక్క రంగు కాగితం అంటించిన సరుకు అది. ఆ తర్వాతివన్నీ వడ్లాయన పక్కన కూర్చుని చేయించుకున్నవి, లేదా పాత సామాను నుంచి మార్చుకున్నవి. ఇంటికొచ్చినవాళ్లు వాటిని చూసి అడిగేవి ఇంచుమించు ఈ ప్రశ్నలే.

మొక్కను నేల మీదే పెట్టుకుంటే పోదా? స్టాండు ఎందుకు?

పెద్ద మొక్కలకు అక్కర్లేదు. నాలుగడుగులు దాటిన అరేకా పామ్‌ను స్టాండెక్కిస్తే పందిరి గుంజలా కనిపిస్తుంది. చిన్న, మధ్యరకం మొక్కల సంగతి వేరు. మన ఇళ్లలో కిటికీ అడుగు అంచు నేలకు దాదాపు మూడడుగుల ఎత్తున ఉంటుంది. దాని కిందనే నేల మీద పెట్టిన కుండీకి గోడ నీడ తప్ప వెలుతురు దక్కదు. అదే కుండీని రెండు, రెండున్నర అడుగుల స్టాండు మీద పెడితే ఆకులు వెలుతురులోకి వస్తాయి. ఇంకో లాభం, తాండూరు బండల మీద తడి కుండీ నెలల తరబడి ఉండి వేసే గుండ్రటి మరక తప్పుతుంది. మా హాల్లో అలాంటివి రెండున్నాయి, ఎంత తోమినా పోలేదు.

ఏ కట్టె మంచిది?

అందరూ టేకు అనే చెబుతారు. అది సగం నిజం. టేకులో పనికొచ్చేది చేవ. మొద్దు మధ్యలో ముదురు గోధుమ రంగులో ఉండే ఆ భాగంలో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి తడికీ చెదలకూ తట్టుకుంటుంది. చుట్టూ ఉండే తెల్ల కట్టెకు ఆ గుణం లేదు. లేత చెట్టును కొట్టి కోసిన టేకులో చేవ కన్నా తెల్లదే ఎక్కువ. పైన ముదురు పాలిష్ కొడితే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే పాలిష్ వేయకముందే వెళ్లి చూడండి. తయారైనది కొంటుంటే తిరగేసి అడుగు చూడండి. చాలామంది అడుగున పాలిష్ వేయరు, కట్టె అసలు రంగు అక్కడ బయటపడుతుంది.

టేకుకు డబ్బు పెట్టలేకపోతే నా ఓటు వేపకే. వేప కట్టెను పురుగు అంత త్వరగా ముట్టదు, మన చుట్టుపక్కలే దొరుకుతుంది. చిత్రిక పట్టేటప్పుడు పోగులు అడ్డదిడ్డంగా లేస్తున్నాయని వడ్లాయన సణుగుతాడు. సణగనివ్వండి. తుమ్మ ఇంకా గట్టిది. బండి చక్రాలకు, నాగళ్లకు మన పెద్దవాళ్లు వాడింది దాన్నే. అయితే ఊడ్చేటప్పుడు స్టాండును జరపాలంటే ఇద్దరు కావాలి. మామిడి చవక, మెత్తన, పురుగుకు ఇష్టం. ఇంటి లోపల ప్లాస్టిక్ కుండీ కిందికైతే సరే. నీలగిరి కట్టె ఆరేకొద్దీ మెలి తిరిగి చీలుతుంది, దాని జోలికి పోవద్దు.

ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కతో పిల్లలు సెలవుల్లో సరదాగా చేసుకోవచ్చు, రెండు మూడేళ్లు నిలిస్తే గొప్ప. ప్లైవుడ్ అంచులు మూయిస్తే నడుస్తుంది. కట్టె పీచునో పొట్టునో జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు మాత్రం మొక్కల దగ్గరికి తేకండి.

మూడు మెట్ల స్టాండుకు ఎంత కట్టె పడుతుంది?

ఇది లెక్కేసుకుని వెళ్తే కట్టె డిపోలో మోసపోరు. కట్టెను గనపుటడుగుల్లో అమ్ముతారు, సీఎఫ్‌టీ అనేది దాన్నే. మూడడుగుల పొడవు, ఎనిమిదంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలకలు మూడు కలిపితే అర గనపుటడుగు. రెండంగుళాల చదరపు కాళ్లు నాలుగు, ఒక్కోటి రెండున్నర అడుగులనుకుంటే ఇంకో పావు కన్నా కాస్త ఎక్కువ. అడ్డకర్రలు, కోతలో పోయే పొట్టు కలుపుకున్నా మొత్తం ఒక గనపుటడుగు దగ్గర ఆగుతుంది. రెండు పడుతుందని ఎవరైనా అంటే కాగితం మీద రాసి చూపించమనండి.

కట్టె ఆరిందో లేదో కూడా అడగండి. పచ్చి కట్టె ఆరుతూ కుంచించుకుపోతుంది. జనవరిలో బిగుతుగా ఉన్న అతుకు మే నెలకు కదులుతుంది. అంగుళం మందానికి ఏడాది ఆరాలని పాత లెక్క.

మా చేనులో వేపచెట్టుంది. కొట్టించి చేయించుకోవచ్చా?

మీ చెట్టయినా నేరుగా గొడ్డలి పట్టకండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి తీసుకోవాలి. కొన్ని రకాలకు మినహాయింపు ఉంది. మీ చెట్టు ఏ లెక్కలోకి వస్తుందో దగ్గర్లోని అటవీ రేంజ్ ఆఫీసులో అడగండి. రెండు స్టాండ్ల కోసం నీడనిచ్చే వేపను కొట్టడం నాకైతే మనసొప్పదు. గాలివానకు విరిగిపడిన పెద్ద కొమ్మ దొరికితే దానితో కానివ్వండి.

ఇంట్లో పాత మంచం కాళ్లు, నిచ్చెన, దర్వాజ పడి ఉన్నాయి. వాటితో అవుతుందా?

కొత్త కట్టె కన్నా అవే మేలు. ఇరవై ముప్పై ఏళ్లు ఆరిన కట్టె ఇక కొత్తగా కుంచించుకునేది పెద్దగా ఉండదు. మా అమ్మమ్మ నులక మంచం కాళ్లు నాలుగూ ఇప్పుడు రెండు పొట్టి స్టాండ్లయ్యాయి. చెక్కిన కాళ్లు కాబట్టి పైన పలక తప్ప ఇంకేమీ చేయించలేదు. పాత నిచ్చెనను గోడకు వాల్చి, మెట్ల మీద పలకలు బిగిస్తే ఐదు వరసలొస్తాయి. పైకి పోయేకొద్దీ చిన్న కుండీలు పెట్టండి, లేకపోతే నిచ్చెన ముందుకు తూలుతుంది. ఎద్దుల కాడి దొరికితే వరండా దూలానికి అడ్డంగా కట్టి వేలాడే కుండీలకు వాడుకోవచ్చు. ముక్కాలి పీటకు మార్పే అక్కర్లేదు, అది పుట్టడమే స్టాండుగా పుట్టింది.

ఒక్క జాగ్రత్త. పాత దర్వాజను కోయించే ముందు మొలలన్నీ పీకించండి. ఒక్క మొల మిగిలినా కోత మిషన్ రంపం పళ్లు పోతాయి, మిషనాయన రెండోసారి మీ కట్టె ముట్టడు. సన్నటి బెజ్జాల నుంచి పిండి రాలుతుంటే లోపల పురుగు ఇంకా బతికే ఉందని అర్థం. అలాంటిది ఇంట్లోకి తేవద్దు.

ఎంత బరువు మోస్తుంది?

కుండీ ఖాళీగా ఉన్నప్పటి బరువు చూసి మోసపోతాం. తడి మట్టి లీటరుకు దాదాపు కిలోన్నర తూగుతుంది. ఎనిమిదంగుళాల కుండీలో నాలుగైదు లీటర్ల మట్టి పడుతుంది, అంటే తడిపాక ఆరేడు కిలోలు. పన్నెండంగుళాల కుండీలో పదిహేను లీటర్ల దాకా పడుతుంది, మట్టి కుండీ బరువుతో కలిపి ముప్పై కిలోలకు దగ్గరవుతుంది. సిమెంటు తొట్టి అయితే చెక్క స్టాండు మాట మరిచిపోండి. ఎర్రమన్ను తగ్గించి కొబ్బరి పొట్టు, వానపాముల ఎరువు ఎక్కువ కలిపితే బరువు బాగా తగ్గుతుంది.

మొలలతో కొట్టిన స్టాండు ఊగుతూ ఊగుతూ వదులవుతుంది. కాలికి తొర్ర తొలిచి అడ్డకర్ర చివరను అందులో దించే పాత పద్ధతి అతుకే గట్టిది. కూలి కాస్త ఎక్కువైనా అదే చేయించండి.

స్టాండు పాడవకుండా ఏం చేయాలి?

నేను చూసిన స్టాండ్లలో బరువుకు విరిగింది ఒక్కటే. మిగతావన్నీ కుండీ కింద నిలిచిన నీళ్లకు కుళ్లినవే. పైన పోసిన నీరు కనిపిస్తుంది, కింద చేరిన చెమ్మ కనిపించదు. కుండీ ఎత్తి చూసేసరికి నల్లటి వలయం పడి ఉంటుంది.

కుండీ కింద ప్లేటు పెట్టాం కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. కాల్చిన మట్టి ప్లేటు అయితే అది కూడా చెమ్మను కిందికి దించుతుంది. స్టాండు మీద ప్లాస్టిక్‌దో, మెరుగు పూసిన పింగాణీదో వాడండి. ప్లేటుకూ చెక్కకూ మధ్య మూడు టైల్స్ ముక్కలు పెడితే గాలి ఆడుతుంది. పై పలక ఒకటే వెడల్పాటి చెక్కగా కాకుండా, మధ్య మధ్యలో వేలు దూరేంత సందు వదిలిన పట్టీలతో చేయిస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది.

నీళ్లు పోసే పద్ధతి కూడా మార్చుకోవాలి. చిన్న కుండీలను వాకిట్లోకో బాత్రూంలోకో తీసుకెళ్లి, అడుగు నుంచి కారేదాకా పోసి, అరగంట వార్చి తిరిగి పెడతాను. ఎత్తలేని వాటికి కొద్దికొద్దిగా పోసి ప్లేటులో చేరినది పారబోస్తాను. ప్లేటులో నీళ్లు వారం నిలిస్తే డెంగీ దోమలు పుడతాయి, అది చెక్క కన్నా పెద్ద టెన్షన్.

స్క్రూల చుట్టూ నల్లగా సిరా మరకలా పాకితే అది కుళ్లు కాదు. టేకులో, తుమ్మలో ఉండే వగరు పదార్థం తడి ఇనుముతో కలిస్తే ఆ రంగు వస్తుంది. ఇత్తడి స్క్రూలు గానీ తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ వేయిస్తే రాదు.

స్టాండెక్కించాక స్పైడర్ ప్లాంట్ ఆకుల చివర్లు మాడుతున్నాయి. ఎండ ఎక్కువైందా?

నల్లగొండలో అయితే నేను మొదట అనుమానించేది ఎండను కాదు, బోరు నీళ్లను. మన భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ తీసే పటిక, సున్నం పద్ధతికి దేశమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు పడింది. మనుషులకు తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరేనని ప్రమాణం. కొన్ని మొక్కలు అంత కూడా తట్టుకోలేవు. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా, పీస్ లిల్లీ ఆ బాపతే. వేరు పీల్చిన నీటితో ఫ్లోరైడ్ ఆకు చివరి దాకా పోతుంది. నీరు ఆవిరై పోతుంది, అది అక్కడే మిగిలి పేరుకుంటుంది. అందుకే మాడు ఎప్పుడూ కొస నుంచి మొదలవుతుంది. ఎండ దెబ్బ అయితే ఆకు మధ్యలో, ఎండ తగిలే వైపు పాలిపోయిన మచ్చలు పడతాయి.

నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్లను ఊరికే పోనివ్వడం ఎందుకని మొక్కలకు పోసేవాళ్లున్నారు. ఆ నీళ్లలో ఉప్పులన్నీ, ఫ్లోరైడ్‌తో సహా, బోరు నీళ్లకన్నా ఎక్కువగా ఉంటాయి. నేల తుడవడానికి వాడండి, ఈ మూడు మొక్కలకు పోయకండి. సూపర్ ఫాస్ఫేట్ ఎరువులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి పశువుల ఎరువే మేలు. వానాకాలంలో డాబా మీది నీళ్లు డ్రమ్ముకు పట్టి మూత పెట్టుకోండి, లేదా కృష్ణా నీళ్లొచ్చే నల్లా ఉంటే అవే పోయండి. మాడిన కొసలు మళ్లీ పచ్చబడవు. కత్తెరతో ఆకు ఆకారంలోనే కత్తిరించేయండి.

ఇదంతా ఎందుకనుకుంటే మనీప్లాంట్, కలబంద పెట్టుకోండి. మా ఇంట్లో అవి బోరు నీళ్లకే హాయిగా పెరుగుతున్నాయి.

చెదలు పడితే?

చెద పెద్ద చెట్లనే వదల్లేదు. పాలమూరు పిల్లలమర్రికి చెద పట్టి కొమ్మలు విరిగితే, 2018లో ఆ మానుకు సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే చెట్టు, ఊడలతో మూడెకరాల దాకా పరుచుకున్న చెట్టు, ఆస్పత్రిలో మనిషిలా సీసాలు తగిలించుకుని నిలబడటం చూస్తే కడుపులో దేవినట్టయింది. మన రెండడుగుల స్టాండు దానికి ఒక లెక్కా?

అయితే స్టాండును కాపాడుకోవడం చెట్టును కాపాడుకోవడం కన్నా చాలా తేలిక. చెద మట్టిలోంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తుంది, వెలుతురులో నడవదు. స్టాండును గోడకు మూడంగుళాల దూరంలో పెట్టి, నెలకోసారి జరిపి కాళ్ల వెనక చూస్తే గొట్టం మొదట్లోనే దొరుకుతుంది. పెరట్లో మట్టి మీద నేరుగా పెట్టకుండా కాళ్ల కింద బండ ముక్కలు వేయండి. కాలి అడుగు కొస స్పంజిలా తడిని పీలుస్తుంది కాబట్టి పాలిష్ డబ్బాలో ఆ కొసలను ఐదు నిమిషాలు ముంచి ఉంచండి. బీరువా కాళ్ల కింద పెట్టినట్టు నీళ్ల గిన్నెలు పెట్టడం మాత్రం వద్దు. చీమలు ఆగుతాయేమో గానీ కాళ్లు కుళ్లుతాయి, దోమలు పుడతాయి.

వార్నిషా, నూనెనా?

లోపలుండే వాటికి ఏదైనా సరే. వరండాలో ఎండ తగిలే వాటికి నాకు అవిసె నూనె నచ్చుతుంది. వార్నిష్ ఎండకు పగిలి పెచ్చులూడితే మొత్తం గీకి మళ్లీ వేయాలి. నూనె అయితే ఏడాదికోసారి గుడ్డతో రుద్దితే చాలు. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి మూలకు పడేయకండి. అవిసె నూనె ఆరుతూ వేడిని పుట్టిస్తుంది, ఉండలోంచి ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకుంటుంది. మన ఎండల్లో ఇంకా ప్రమాదం. గుడ్డను నీళ్లలో ముంచి, బయట విడిగా పరిచి ఆరాకే పారేయండి.

ఏప్రిల్, మే నెలల్లో ఏం చేయాలి?

పడమటి బాల్కనీ ఖాళీ చేయండి. నలభై దాటిన ఎండకు గోడ రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. అక్కడ మొక్కా బతకదు, చెక్కా చీలుతుంది. తూర్పు వైపు పొద్దుటి ఎండ ఇద్దరికీ మంచిది. కూలర్ గాలి మొక్కకు హాయే గానీ ఎదురుగా ఉన్న స్టాండు రోజంతా తుంపరకు తడుస్తుంది. నాలుగైదడుగులు పక్కకు జరపండి.

ఎలా అమరిస్తే అందంగా ఉంటుంది?

గోడ పొడవునా ఒకే ఎత్తు స్టాండ్లు వరసగా పెడితే నర్సరీ గుర్తొస్తుంది. ఒక మూలలో మూడు ఎత్తులు చాలు: మోకాలి ఎత్తుది ఒకటి, నడుము ఎత్తుది ఒకటి, నేల మీద పీట ఒకటి. ఎత్తైన దాని మీద కిందికి జారే మనీప్లాంట్, మధ్యలో గుబురుగా పెరిగేది, పీట మీద నిటారుగా నిలిచే స్నేక్ ప్లాంట్. నిలబడి సర్ది వదిలేయకండి, సోఫాలో కూర్చుని చూడండి. చుట్టాలు చూసేది అక్కడి నుంచే.

మన దగ్గర హాలు గోడలకు చిలకాకుపచ్చ, నారింజ రంగులు వేయించడం ఎక్కువ. చిలకాకుపచ్చ గోడ ముందు మొక్క కలిసిపోయి కనిపించదు. గోడ రంగు మార్చలేకపోతే స్టాండుకు ముదురు పాలిష్, కుండీకి తెల్ల రంగు వేస్తే విడిగా తేలుతుంది. నా మటుకు నాకు ఇష్టమైనది పాత ఇత్తడి గంగాళం. అటక మీది నుంచి దించి తోమి, పొట్టి చెక్క పీట మీద పెట్టి, లోపల ప్లాస్టిక్ కుండీతో సహా మొక్కను దించండి. గంగాళానికి బెజ్జం పెట్టే పని లేదు, నీళ్లు కారి చెక్క తడిసే భయం లేదు. లోపల నీళ్లు చేరాయేమో మాత్రం చూసుకోండి. పోచంపల్లి ఇక్కత్ ముక్కను స్టాండు మీద పరిచి దాని మీద కుండీ పెట్టిన ఫొటోలు వస్తుంటాయి. ఫొటో తీసుకుని గుడ్డ తీసేయండి. అది చెమ్మను పట్టి ఉంచుతుంది, రంగు దిగితే చెక్కకూ మరక.

ఎన్ని పెట్టాలంటే, ఊడ్చేటప్పుడు విసుగు రానన్ని.

మా అత్తమ్మ తులసిని చెక్క మీద పెట్టొద్దంటున్నారు.

ఆమె మాటే వినండి. తులసికి రోజూ నీళ్లు పోస్తారు, దీపం పెడతారు, పసుపు కుంకుమ కలిసిన తడి ఎప్పుడూ ఉంటుంది. పైగా దానికి ఐదారు గంటల ఎండ కావాలి. ఇవన్నీ రాతి గద్దె మోస్తుంది, చెక్క మోయదు.

కోతులు?

కోతులొచ్చే వీధిలో డాబా మీద స్టాండు పెట్టాలంటే రెండు పనులు చేయండి. పై పలకలో కుండీ మెడ దాకా దిగేలా గుండ్రంగా కోయించండి, అప్పుడు తోసినా దొర్లదు. స్టాండును గోడకు ఎల్ ఆకారపు పట్టీతో బిగించండి. టమాటా, జామ లాంటివి పెట్టి వాటిని పిలవకండి. ఇన్ని చేసినా నాకు ఏడాదికి రెండు మూడు కుండీలు పోతాయి.

ఇంట్లో మొక్కలుంటే గాలి శుభ్రమవుతుందా?

1989లో నాసా చేసిన పరీక్షను అందరూ చెబుతారు. అది గాలి చొరబడని మూసిన గదుల్లో చేసింది. తలుపులు కిటికీలు తెరిచి ఉండే ఇంట్లో నాలుగు కుండీలతో ఆ ఫలితం రాదు. పచ్చదనం కోసం పెట్టుకోండి, అది చాలు.

పాకే పిల్లలున్నారు, ఏం జాగ్రత్త?

మనీప్లాంట్, డైఫెన్‌బాకియా ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది. అవి నడుము ఎత్తు పైనే ఉండాలి. పిల్లలు పట్టుకుని నిలబడేది స్టాండు కాలే కాబట్టి, ఆ ఏడాది రెండేళ్లు ఒంటి కాలి స్టాండ్లు అటకెక్కించండి.

కొత్త స్టాండే, కానీ ఊగుతోంది. వెనక్కి ఇచ్చేయాలా?

ముందు ఇంకో చోట పెట్టి చూడండి. బండల నేల అన్నిచోట్లా సమంగా ఉండదు. చోటు మారితే ఊగడం ఆగితే తప్పు నేలది. పొట్టి కాలి కింద రబ్బరు బుష్ వేస్తే సరి, మడిచిన అట్టముక్క పెడితే అది తడిసి చెదను పిలుస్తుంది. ఎక్కడ పెట్టినా ఊగుతుంటే అతుకు వదులైనట్టు. కుండీలు దించి, వడ్లాయనకు కబురు పెట్టండి. మూడు కాళ్లది చేయించుకుంటే అసలు ఈ గొడవే ఉండదు, అది ఎగుడుదిగుడు నేల మీదైనా ఊగదు.